మైనస్ సైటు ఎక్కువున్న కంట్లో మాక్యులర్ హోల్: విశాఖలో ఆపరేషన్‌కు సిద్ధమయ్యేవాళ్లు ఏం చేయాలి, ఎలా చేయాలి

మైనస్ 6 దాటిన సైటు ఉందంటే సాధారణంగా కంటి గుడ్డు పొడుగ్గా సాగి ఉందని అర్థం. మామూలు కన్ను ముందు నుంచి వెనక్కి 23, 24 మిల్లీమీటర్లు ఉంటుంది. ఎక్కువ సైటున్న కన్ను 26 దాటుతుంది, మైనస్ 15, 18 అద్దాలు పెట్టుకునేవాళ్లలో 30 కూడా దాటవచ్చు. గోడ సాగినంతగా, లోపల దానికి అంటుకుని ఉండే చూపు పొర రెటీనా సాగలేక పలచబడుతుంది. వెనక గోడలో కొంత భాగం ఇంకా లోతుకు గుంటపడితే దాన్ని స్టాఫిలోమా అంటారు. ముందు నుంచి కంటి లోపల నిండి ఉండే విట్రియస్ జెల్లీ లాగుతూ ఉంటుంది, వెనక నుంచి ఆ గుంట లాగుతూ ఉంటుంది. అక్షరాలు చదవడానికి, మనిషి ముఖం పోల్చుకోవడానికి పనికొచ్చే రెటీనా నడిభాగం మాక్యులా ఈ రెండు లాగుళ్ల మధ్య చిక్కి చిల్లుపడుతుంది. దీన్నే మాక్యులర్ హోల్ అంటారు. చుక్కల మందులు, మాత్రలు, కొత్త అద్దాలు ఆ చిల్లును మూయలేవు. దాన్ని మూయాలంటే ఆ జెల్లీని తీసేసే విట్రెక్టమీ ఆపరేషన్ కావాలి. ఇంట్లో మొదటి అనుమానం వచ్చిన రోజు నుంచి ఆపరేషన్‌లో కంట్లో నింపిన గ్యాస్ కరిగిపోయే రోజు దాకా ఏ దశలో ఏం చేయాలో కింద రాశాం.

మొదట ఇంట్లో చూసుకోండి

కళ్లద్దాలు తీయకుండానే ఒక కన్ను అరచేత్తో మూయండి. వేళ్లతో నొక్కకండి. తెరిచిన కంటితో కిటికీ గ్రిల్లు వైపో, బాత్రూం టైల్స్ గీతల వైపో, పిల్లల గళ్ల నోటు పుస్తకం వైపో చూసి, తర్వాత రెండో కన్ను కూడా అలాగే చూడండి. నిలువు గీత మధ్యలో నొక్కుకుపోయినట్టు లేదా వంకర తిరిగినట్టు కనిపిస్తే, పదం నడుమ ఒక అక్షరం మింగేసినట్టుంటే, ఎదుటి మనిషి చెవులు కనిపిస్తూ ముక్కు కనిపించకపోతే మాక్యులా దగ్గర తేడా ఉన్నట్టే.

చిన్నప్పటి నుంచి మందపాటి అద్దాలు వాడినవాళ్లకు మసక కొత్త కాదు. అందుకే ఇక్కడే ఆలస్యం జరుగుతుంది. రెండు కళ్లూ తెరిచి ఉంటే బాగున్న కన్ను లోపాన్ని కప్పేస్తుంది. సైటు పెరిగిందనుకుని అద్దాల షాపులో నంబరు మార్పించుకుంటూ నెలలు గడిపేస్తారు. కొత్త అద్దాలతో కూడా గీత వంకరగానే కనిపిస్తే మళ్లీ షాపుకు కాకుండా రెటీనా డాక్టరు దగ్గరకు వెళ్లండి.

ఒక పక్క నుంచి నల్ల తెర దిగుతున్నట్టున్నా, ఒక్కసారిగా మెరుపులు, మసి రేణువుల్లాంటి చుక్కలు మొదలైనా ఆ రోజే వెళ్లాలి. ఎక్కువ సైటున్న కంట్లో మాక్యులర్ హోల్ గుండా నీరు జారి రెటీనా మొత్తం ఊడిరావచ్చు.

ఎక్కడ, ఏ పరీక్షలు

రెటీనా విభాగం ఉన్న ఆసుపత్రి కావాలి. శుక్లాల ఆపరేషన్లు మాత్రమే చేసే చోటు ఈ పనికి సరిపోదు. నగరంలో వాల్తేరు ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి, హనుమంతవాక జంక్షన్ దగ్గర ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి అందరికీ తెలిసినవే. ఎక్కడికి వెళ్లినా అపాయింట్‌మెంట్ అడిగేటప్పుడే "రెటీనా డాక్టరు ఏ రోజుల్లో చూస్తారు, ఓసీటీ అదే రోజు అవుతుందా" అని కనుక్కుంటే రెండో ప్రయాణం తప్పుతుంది. కనుపాప పెద్దదయ్యే చుక్కలు వేస్తారు, తర్వాత కొన్ని గంటలు వెలుగు చూడలేరు. బండి మీరే నడుపుకుంటూ వెళ్లకండి, తోడుగా ఒకరిని తీసుకెళ్లండి.

ఓసీటీ అన్నిటికంటే ముఖ్యం. రెటీనా పొరలను అడ్డంగా కోసి చూపినట్టు చూపే స్కాన్ అది. రిపోర్టు చేతికొచ్చాక మూడు ప్రశ్నలు అడగండి. చిల్లు అన్నిటికంటే ఇరుకైన చోట ఎన్ని మైక్రాన్లుంది? 250 లోపైతే చిన్నది, 400 దాటితే పెద్దది. చుట్టూ ఉన్న రెటీనా గోడను పట్టుకునే ఉందా, నీరు చేరి లేచిందా? పొరలు విడిపోయిన స్కీసిస్ కూడా ఉందా? ఆపరేషన్ ఎంత త్వరగా చేయాలి, ఏ పద్ధతిలో చేయాలి అన్నది చాలావరకు ఈ మూడు జవాబుల మీదే ఆధారపడుతుంది.

తర్వాతది ఏక్సియల్ లెంగ్త్, అంటే కంటి పొడుగు కొలత. ఆ అంకె రాసిన కాగితం పోగొట్టుకోకండి, పోయినా ఇంకో కాపీ తెచ్చుకోండి. ఆపరేషన్ బల్ల మీద కూడా అవసరపడే అంకె అది. ఇవి కాకుండా రెటీనా అంచుల దాకా లైటుతో చూసే పరీక్ష ఉంటుంది. పొడుగు కళ్లలో అంచుల దగ్గర పలచబడిన మచ్చలు, చిన్న చిరుగులు తరచుగా కనిపిస్తాయి. వాటిని ముందే గుర్తించి లేజర్ చేయకపోతే ఆపరేషన్ తర్వాత అక్కడి నుంచి రెటీనా ఊడే ముప్పు ఉంటుంది.

డాక్టరు అడగకపోయినా మీరే చెప్పాల్సినవి

మీరు ఇదివరకు లేసిక్ చేయించుకున్నా, కంట్లో లెన్సు పెట్టించుకున్నా, శుక్లాల ఆపరేషన్ అయినా ఇప్పుడు అద్దం నంబరు తక్కువే ఉంటుంది. కన్ను మాత్రం పొడుగుగానే ఉంటుంది. లేసిక్ నల్లగుడ్డు పై పొరను చెక్కుతుంది తప్ప వెనక గోడను పొట్టి చేయదు. అందుకే పాత అద్దాల చీటీ దొరికితే తీసుకెళ్లండి, దొరకకపోతే "పెళ్లికి ముందు మైనస్ 12 ఉండేది" అని నోటితోనైనా చెప్పండి.

మత్తు సూది విషయంలోనూ కంటి పొడుగు లెక్కకొస్తుంది. కన్ను మొద్దుబారడానికి గుడ్డు పక్క నుంచి సూది దింపే పద్ధతి మామూలు కంటికి సురక్షితమే. 28, 30 మిల్లీమీటర్ల కంట్లో వెనక గోడ పలచగా ఉబ్బి ఉంటుంది కాబట్టి సూది మొన దానికి గుచ్చుకునే ప్రమాదం ఎక్కువ. అలాంటివాళ్లకు మొన లేని గొట్టంతో మందు ఎక్కించే సబ్‌టెనాన్ పద్ధతి మంచిది. మత్తు డాక్టరు వచ్చినప్పుడు ఏక్సియల్ లెంగ్త్ అంకె చెప్పండి, స్టాఫిలోమా ఉంటే అదీ చెప్పండి.

షుగరు, బీపీ, రక్తం పలచబడే మాత్రలు, గ్లాకోమా, స్టెరాయిడ్ చుక్కలు వాడినప్పుడు కంటి ప్రెషర్ పెరిగిన అనుభవం ఉంటే అదీ చెప్పాలి. రక్తం పలచబడే మాత్ర మీ అంతట మీరు ఆపకండి, గుండె డాక్టరును అడగాలి. ఎన్టీఆర్ వైద్యసేవ కింద చేయించుకోవాలనుకుంటే ఈ ప్రొసీజర్ వర్తిస్తుందో లేదో, కంట్లో నింపే గ్యాస్, సిలికాన్ నూనె ఖర్చు అందులోకి వస్తుందో లేదో అడ్మిషన్‌కు ముందే ఆరోగ్యమిత్ర దగ్గర తేల్చుకోండి.

అన్నిటికంటే ముందు మీ ఊరు ఎక్కడో చెప్పండి. ఎందుకో కాస్త కింద వివరంగా ఉంది.

ఎంత త్వరగా

రెటీనా గోడను పట్టుకునే ఉండి చిల్లు మాత్రమే ఉంటే రేపే చేయించుకోవాల్సిన అవసరం లేదు, కానీ వారాల్లో చేయించుకోవాలి. ఆరు నెలలు దాటిన చిల్లు మూసుకున్నా చూపు అంతగా తేరుకోదు. రెటీనా కూడా ఊడితే రోజుల్లోనే చేయాలి. చాలా ఏళ్ల నాటి చిల్లు కదలకుండా ఉండి, చుట్టుపక్కల రెటీనా ఎండిపోయి ఉంటే ఆపరేషన్ వద్దని డాక్టరు చెప్పవచ్చు. అది నిర్లక్ష్యం కాదు, అక్కడ చేసినా లాభం తక్కువ.

థియేటర్‌లో ఏం జరుగుతుంది

మాక్యులర్ హోల్‌ను విట్రెక్టమీతో మూయవచ్చని కెల్లీ, వెండెల్ 1991లో చూపించారు. మామూలు కళ్లలో ఇప్పుడు పదికి తొమ్మిదికి పైగా చిల్లులు మొదటి ఆపరేషన్‌తోనే మూసుకుంటున్నాయి. పొడుగు కళ్లలో అంత సులువు కాదు.

నల్లగుడ్డు అంచు నుంచి 3.5 లేదా 4 మిల్లీమీటర్ల దూరంలో మూడు సన్న రంధ్రాలు చేస్తారు. ఒకదాని గుండా నీరు లోపలికి వెళ్తుంది, ఒకదాని గుండా లైటు, మూడోదాని గుండా జెల్లీని కోసి పీల్చే కట్టర్. జెల్లీ అంతా పోయినట్టు కనిపించినా పొడుగు కళ్లలో దాని అడుగు పొర పలచని కాగితంలా రెటీనాకు అంటుకునే ఉంటుంది. సర్జన్ ట్రయామ్సినోలోన్ అనే తెల్లటి మందు చల్లితే, దాని రేణువులు ఆ మిగిలిన పొరకు పట్టుకుని అది ఎక్కడుందో చూపిస్తాయి. ఈ మెట్టు వదిలేస్తే లాగుడు అలాగే ఉండిపోతుంది, తర్వాత ఎంత బాగా చేసినా చిల్లు తెరుచుకునే ఉంటుంది.

తర్వాత ఐఎల్‌ఎం. రెటీనా పైన ఉండే ఈ పొర మందం సుమారు 2, 3 మైక్రాన్లే. అద్దంలా పారదర్శకంగా ఉంటుంది కాబట్టి బ్రిలియంట్ బ్లూ జీ అనే నీలి రంగు వేసి చూస్తారు. పొడుగు కంట్లో వెనక నేపథ్యం పాలిపోయి తెల్లగా ఉంటుంది, రంగు వేసినా పొర అంచు కనిపించడం కష్టమే. పైగా గుంట లోతుగా ఉంటే, పొరను పట్టి ఒలిచే సన్న పటకారు, అంటే ఫోర్సెప్స్, మామూలుదైతే దాని కాడ అడుగుదాకా అందదు. అందుకే పొడవు కాడ ఫోర్సెప్స్ ముందే సిద్ధం చేసుకుంటారు. కంటి పొడుగు అంకె బల్ల మీద కూడా కావాలన్నది ఇందుకే.

చిన్న చిల్లైతే ఆ పొరను చుట్టూ గుండ్రంగా ఒలిచేసి వదిలేయవచ్చు. పెద్ద చిల్లుకు, పొడుగు కంటికి అది చాలదు. 2010లో పోలాండ్‌కు చెందిన మిఖాలెవ్స్కా బృందం చెప్పిన పద్ధతి ఇప్పుడు ఎక్కువగా వాడుతున్నారు. పొరను పూర్తిగా తీసేయకుండా చిల్లు అంచు దగ్గర అంటిపెట్టుకునేలా వదిలి, ఉత్తరం కవరు మూతలా తిప్పి చిల్లు మీదికి మడుస్తారు. ఆ పొర మీదుగా కణాలు పెరిగి రెండు అంచులనూ కలుపుతాయి. కంట్లో నీటిని తీసి గాలి నింపేటప్పుడు పీల్చే వేగం ఎక్కువైతే ఆ మూత లేచిపోతుంది. చిల్లుకు దూరంగా, నెమ్మదిగా పీల్చాలి. ఈ ఆపరేషన్ పాడయ్యే చోట్లలో ఇదొకటి.

చివర్లో రెటీనా అంచులు చుట్టూ చూసి, చిరుగులుంటే లేజర్ చేసి, కంటిని గ్యాస్‌తోనో సిలికాన్ నూనెతోనో నింపుతారు. మీకు నొప్పి తెలియదు, వెలుగులు, నీడలు కదిలినట్టు కనిపించవచ్చు. దగ్గొస్తే ముందే చెప్పి దగ్గండి, చెప్పకుండా తల కదపకండి.

గ్యాస్, నూనె, ఘాట్ రోడ్డు

20 శాతం ఎస్‌ఎఫ్6 గ్యాస్ సుమారు రెండు వారాలు కంట్లో ఉంటుంది. 14 శాతం సీ3ఎఫ్8 ఆరు నుంచి ఎనిమిది వారాలుంటుంది. రెండూ వాటంతట అవే కరిగిపోతాయి. సిలికాన్ నూనె కరగదు, మూడు నుంచి ఆరు నెలల్లో ఇంకో ఆపరేషన్ చేసి తీయాలి. గ్యాస్ కలిపేటప్పుడు శాతం తప్పితే కన్నే పోవచ్చు. శుద్ధ ఎస్‌ఎఫ్6 కంట్లో రెండింతలు, సీ3ఎఫ్8 నాలుగింతలు ఉబ్బుతుంది, అందుకే కొలిచి గాలితో కలుపుతారు.

పైకి వెళ్లేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది, కంట్లో గ్యాస్ ఉబ్బుతుంది. విశాఖ సముద్రమట్టంలో ఉంది. అరకు, పాడేరు దాదాపు 900 మీటర్ల ఎత్తు, లంబసింగి సుమారు 1000 మీటర్లు. కిరండూల్ లైనులో శిమిలిగూడ స్టేషన్ 996 మీటర్లు. అంత ఎత్తున గ్యాస్ సుమారు పదో వంతు పెరుగుతుంది. బెలూన్‌లో అయితే పరవాలేదు. గ్యాస్ నిండిన కన్ను మాత్రం సాగదు, లోపల ప్రెషర్ పెరిగి కంటికి రక్తం అందడం ఆగిపోతుంది. దిగొచ్చేసరికే చూపు పోయి ఉండవచ్చు. విమానంలోనూ ఇదే ప్రమాదం.

కాబట్టి మీ ఇల్లు అరకు, పాడేరు, చింతపల్లి, కోరాపుట్ వైపు అయితే ఆపరేషన్‌కు ముందే సర్జన్‌కు చెప్పండి. రెండు దారులుంటాయి. గ్యాస్ పోయేదాకా కింద విశాఖలోనో, అనకాపల్లి, విజయనగరం వైపు బంధువుల ఇంట్లోనో ఉండాలి. అది కుదరకపోతే నూనె పెట్టించుకోవాలి, దానితో ఘాట్ ఎక్కినా ఇబ్బంది ఉండదు, విమానంలో వెళ్లినా ఇబ్బంది ఉండదు. గ్యాస్ పెట్టించుకున్నాక "మా ఊరు పాడేరు" అంటే, అది పోయేదాకా కిందే ఉండటం తప్ప ఇంకో దారి మిగలదు. శ్రీకాకుళం, రాజమండ్రి వైపు బస్సు, రైలు ప్రయాణానికి ఎత్తు సమస్య లేదు.

తిరుమల కొండ 850 మీటర్లకు పైనే ఉంటుంది. మొక్కున్నా గ్యాస్ పోయిందని డాక్టరు చెప్పాకే. సింహాచలం అంత ఎత్తు కాదు, సుమారు 250 మీటర్లు. అయినా బుడగ పెద్దగా ఉన్న రోజుల్లో కొండెక్కడం మానుకోండి. ఇంకో ప్రమాదం మత్తులో వాడే నైట్రస్ ఆక్సైడ్. ఈ వారాల్లో పంటికో, విరిగిన ఎముకకో ఆపరేషన్ చేయాల్సి వస్తే ఆ వాయువు కంట్లోని గ్యాస్‌లోకి చేరి ఉబ్బిస్తుంది. "ఈ కంట్లో గ్యాస్ ఉంది, నైట్రస్ ఆక్సైడ్ వద్దు" అని తేదీతో రాసిన కాగితం జేబులో ఉంచుకోండి. ఆసుపత్రి చేతికి పట్టీ కడితే గ్యాస్ పోయేదాకా తీయకండి.

బోర్లా ఉండే రోజులు

గ్యాస్ తేలికైనది, ఎప్పుడూ పైకే పోతుంది. మాక్యులా కంటి వెనక గోడ మీద ఉంటుంది. మీరు తల వంచి నేలను చూస్తేనే వెనక గోడ పైకి తిరుగుతుంది, బుడగ వెళ్లి చిల్లు మీద కూర్చుంటుంది. నీరు చేరని ఆ పొడి చోటే అంచులు అతుక్కుంటాయి. సాధారణంగా మూడు నుంచి ఏడు రోజులు, పొడుగు కళ్లకు డాక్టరు ఇంకా పెంచవచ్చు.

ఆపరేషన్‌కు ముందు రోజే ఇంట్లో ఏర్పాటు చేసుకోండి. మంచం అంచున రెండు దిండ్లు పెట్టి, టవల్‌ను గట్టిగా చుట్టి నుదుటి కింద పెట్టుకోండి. బరువంతా నుదురు, చెంప ఎముకల మీద పడాలి, కంటి మీద ఏమీ తగలకూడదు. ముక్కు, నోరు గాలికి తెరిచి ఉండాలి. పగలు కుర్చీలో కూర్చుని బల్ల మీద దిండు, దానిపై నుదురు పెట్టుకుంటే నడుముకు హాయి. నేల మీద చాప పరుచుకుని పడుకునేవాళ్లు ఛాతీ కింద దిండు వేసుకుంటే మెడ నొప్పి తగ్గుతుంది. ఫోన్ నేల మీద పెట్టి చూసుకోవచ్చు, కథలు, పాటలు వినవచ్చు.

గంటలో 50 నిమిషాలు తల వంచి, పది నిమిషాలు లేచి నడవండి. ఆ పది నిమిషాల్లో భోజనం, స్నానాలగది, చుక్కల మందు అన్నీ కానివ్వండి. నడవకుండా కదలక పడుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టవచ్చు. మోచేతుల మీద బరువు వేస్తే చిటికెన వేలు తిమ్మిరెక్కుతుంది, అక్కడ మెత్త పెట్టండి. విశాఖ ఉక్కపోతకు నుదుటి కింద టవల్ చెమటకు తడిసిపోతుంది, రోజుకు మూడు నాలుగు ఉతికిన టవళ్లు మార్చండి. రాత్రి నిద్రలో పక్కకు తిరిగినా ఫరవాలేదని కొందరు డాక్టర్లు చెబుతారు, మీ డాక్టరు మాటే పాటించండి. వెల్లకిలా మాత్రం పడుకోకండి. అప్పుడు బుడగ చిల్లును వదిలి ముందుకొచ్చి కటకానికి తగులుతుంది, శుక్లం త్వరగా వస్తుంది.

బోర్లా ఉండలేని నడుమునొప్పి, ఊపిరి ఇబ్బంది, చాలా పెద్ద వయసు ఉంటే ముందే చెప్పండి. నూనె వేసే ఆలోచన చేస్తారు.

చుక్కల మందులు, ప్రమాద సూచనలు

యాంటీబయాటిక్ చుక్కలు వారం పది రోజులు, స్టెరాయిడ్ చుక్కలు నాలుగు నుంచి ఆరు వారాలు తగ్గించుకుంటూ వాడతారు. కనుపాపను వదులు చేసే చుక్కలూ ఉంటాయి. రెండు మందుల మధ్య ఐదు నిమిషాలు ఆగండి. సైటు ఎక్కువున్నవాళ్లలో స్టెరాయిడ్ చుక్కలకు ప్రెషర్ పెరగడం ఎక్కువ, కాబట్టి "బాగానే ఉందిగా" అని వారం తర్వాతి పరీక్ష మానకండి. తల మీద నుంచి నీళ్లు పోసుకోకండి, కంట్లో నీళ్లు పడకూడదు. బీచ్‌లో సముద్ర స్నానం నెలకు పైగా వద్దు.

కాస్త గరగర, ఎరుపు, నీరు కారడం మామూలే. మందుకు తగ్గని నొప్పి, నొప్పితో వాంతులు, చీము, రెప్ప వాపు, చూపు ఒక్కసారిగా ఇంకా తగ్గడం, పక్క నుంచి తెర దిగడం, వీటిలో ఏది కనిపించినా ఆ రాత్రే ఆపరేషన్ చేసిన చోటుకు ఫోన్ చేసి బయలుదేరండి. ప్రెషర్ గానీ, లోపల ఇన్ఫెక్షన్ గానీ తెల్లవారేదాకా ఆగవు.

మొదటి రోజుల్లో చెయ్యి కదలిక తప్ప ఏమీ కనపడకపోతే ఆపరేషన్ పాడైందని బెంగపడకండి. గ్యాస్ గుండా అంతే కనిపిస్తుంది. కొన్ని రోజులకు పై నుంచి వెలుగు తెరుచుకుంటుంది, బిందెలో నీటి మట్టంలా ఒక ఊగే గీత కనిపిస్తుంది. ఆ గీత రోజూ కాస్త దిగుతూ, చివరికి గుండ్రని చిన్న బుడగై మాయమవుతుంది.

మూసుకుందా, లేదా

బుడగ చిన్నదై మాక్యులాను వదిలాక తీసిన ఓసీటీయే మూసుకుందో లేదో చెబుతుంది. చూపు వేరే సంగతి. చిల్లు మూసుకున్నా అక్కడి కణాలు ఎంత మిగిలాయో అంతే చూపు వస్తుంది. మూడు నుంచి ఆరు నెలలు, కొందరికి సంవత్సరం దాకా మెరుగవుతూ ఉంటుంది. గీతల వంకర ముందు తగ్గుతుంది, అక్షరాలు తర్వాత స్పష్టమవుతాయి.

మూసుకోలేదంటే కారణాలు వెతకాలి. మిగిలిపోయిన జెల్లీ పొర, చాలినంత ఒలవని ఐఎల్‌ఎం, లేచిపోయిన మూత, పాటించని బోర్లా పడక, లేకపోతే 30 మిల్లీమీటర్లు దాటిన కంటి పొడుగు, లోతైన స్టాఫిలోమా. రెండో ఆపరేషన్‌లో ఐఎల్‌ఎం ముక్క తెచ్చి చిల్లులో పెట్టడం, కటకం సంచి పొరను వాడటం, ఉమ్మనీటి సంచి పొరను (ఆమ్నియాటిక్ పొర) అమర్చడం వంటి మార్గాలున్నాయి. గుంట లాగుడు మరీ ఎక్కువైతే బయటి నుంచి గోడను లోపలికి నొక్కే మాక్యులర్ బకుల్ అన్ని చోట్లా చేయరు, ఎక్కడ చేస్తారో డాక్టరు చెబుతారు.

యాభై దాటినవాళ్లకు ఆపరేషన్ తర్వాత ఒకటి రెండేళ్లలో శుక్లం రావడం సాధారణం. అందుకే కొందరికి రెండూ కలిపి చేస్తారు. అప్పుడు రెండో కంట్లో ఇంకా మైనస్ 12 ఉంటే, ఈ కంటిని సున్నాకు తెస్తే రెండు కళ్లూ జతపడవు, అద్దాలతో కూడా కుదరదు. లెన్సు పవర్ ఎంత పెడుతున్నారో, రెండో కంటికి ఏం చేస్తారో అడిగే లెన్సు వేయించుకోండి. కొత్త అద్దాలు గ్యాస్ పూర్తిగా పోయాక, నంబరు స్థిరపడ్డాక, అంటే సుమారు రెండు నెలల తర్వాత తీసుకోండి. ఇక రెండో కన్నును గ్రిల్లు గీతలతో వారానికోసారి అదే పద్ధతిలో చూసుకుంటూ ఉండండి.